రాజవీథులకు నడకదూరమున

తంజావూరు జూడవచ్చు యాత్రికులలో పెక్కుమంది ఉదయపు రైలుబండి దిగి, పెద్దగుడి విమానమును తలయెత్తి చూచి, నందీశ్వరునకు మ్రొక్కి, భోజనానంతరము కోటలోని దర్బారు మండపమును, చోళులనాటి కంచువిగ్రహములను ఒకమాఱు చుట్టివచ్చి, దీపాలవేళకు కుంభకోణమునకో శ్రీరంగమునకో తరలిపోవుదురు. క్షేత్రయాత్రకు వచ్చినవారికి అంతటితో తృప్తి గలుగుట సహజమే. కాని తెలుగు చదువుకొన్నవానికి తంజావూరు ఒక పూటలో చూచి ముగింపదగిన ఊరు గాదు. చోళరాజ్య మస్తమించిన చిరకాలమునకు, కావేరీతీరమున తెలుగు రాజాదరము నొంది, కావ్యమునకును నాట్యమునకును సంగీతమునకును ఆధారభాషయై, నాయకరాజుల యేలుబడిలోను వారి తరువాత మరాఠా ప్రభువుల యేలుబడిలోను తరతరములు వర్ధిల్లిన స్థలమిది. ఆ సాహిత్యమును మనము దక్షిణాంధ్రయుగమను పేర ఒక ప్రకరణముగా చదివి, పరీక్ష వ్రాసి విడిచితిమే కాని, ఆ యుగము పుట్టిన వీథు లెట్టివో, ఆ వీథులలో నేడెవరు కాపురమున్నారో, ఆ కావ్యములను మోయుచున్న తాటియాకులు ఏ కప్పు క్రింద నున్నవో పోయి తెలిసికొన్నవారు మనలో మిగుల తక్కువ.

ఉద్యోగవిరమణానంతరము, సరస్వతీమహలు గ్రంథాలయమున కూర్చుండి నాయకరాజుల నాటి యక్షగానములను తీరికగా చదువవలెనను చిరకాలవాంఛ నన్ను సకుటుంబముగా ఆ యూరికి గొనిపోయినది. ఇట్టి పని స్టేషను దగ్గఱి లాడ్జిలో బసచేసి చేయదగినది గాదు. తాటియాకుపై గంటముతో గీచిన అక్షరము కంటికి వెంటనే లొంగదు. విరామచిహ్నము లేదు, పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. కొంతసేపు చదువునప్పటికి కన్నులు మసకబారును, మెడ పట్టుకొనును. అప్పుడు లేచి ఇంటికి బోయి, ఇంత మజ్జిగయన్నము తిని, నడుము వాల్చి, మరల వచ్చి విడిచినచోటనే యందుకొనవలెను. ఇందులకు కోటలోనికి కాలినడకను పోవుటకు వీలైన యిల్లే కావలెను గాని వేఱొకటి పనికిరాదు. మఱియొక కారణము గూడ నాకు తోచినది. ప్రాచీననగరమును వాహనములో వచ్చి చూచువాడు దాని తలుపులు తెఱచియున్న వేళను మాత్రమే యెఱుగును; తలుపులు మూసిన పిమ్మట ఆ నగరమేమి చేయునో, తెల్లవాఱుజామున ఏ గుడిగంట ముందు మ్రోగునో, ఏ సందులో ఎవరి యరుగుపై సాయంకాలము పెద్దలు చేరుదురో, ఇవి యన్నియు ఆ ప్రక్కనే కాపురమున్నవానికి గాని తెలియవు.

ఇల్లు వెదకబోవువానికి ఊరి స్వరూపము ముందుగా తెలియవలెను. తంజావూరికి కోటలు రెండు. పెద్దగుడియగు బృహదీశ్వరాలయమును శివగంగ తటాకమును తన కడుపున నిడుకొన్నది చిన్నకోట. దానికి ఈశాన్యముగా నున్నది పెద్దకోట. రాజరాజచోళుడు 1010వ సంవత్సరమున ఆలయనిర్మాణమును ముగించిన నాటికి ఈ కోటలు లేవు. ఇప్పుడు కానవచ్చు ప్రాకారములును అగడ్తలును చాలవఱకు నాయకరాజుల కాలమున రూపొందినవి. పెద్దకోటలోపల నాలుగు రాజవీథులు నలుదిక్కుల సాగియున్నవి. ఊరివారు వానిని కీళవీథి, మేలవీథి, వడక్కువీథి, తెర్కువీథి యందురు. రాజప్రాసాదమునకు ద్వారము కీళవీథి, అనగా తూర్పు రాజవీథి, నుండి. ఉత్తరమున కోట వెలుపల వడవాఱు పాఱుచున్నది. దాని కావల కరందై యను పేట. దక్షిణమున పాతబస్టాండు, ఇంకను దక్షిణమునకు బోయి, మేట్టూరు జలాశయముతో పాటు 1934లో నీరు వదలిన కల్లణ కాలువను దాటినచో రైలుస్టేషను. ఈ నాలుగు రాజవీథులను పట్టుకొని ఇటునటు చీలిన సందులే నేను వెదకవలసిన చోటు.

అయితే అచ్చట నుద్యోగము చేయుచున్న మిత్రుడొకడు నన్ను ముందుగా గొనిపోయినది కోటలోనికి గాదు, మెడికల్ కాలేజి రోడ్డునకు. ఆ వైపునను, నాంజికోట్టై రోడ్డు వైపునను క్రొత్తపేటలు వెలసినవి. ఆ యిండ్లలో లోపమేమియు లేదు. గాలి వెలుతురు కలవు, నీరు గలదు, కారు నిలుపుకొనుటకు చోటు గలదు. కోటలోని తాతలనాటి యిండ్లను విడిచి తంజావూరివారే అచ్చటికి తరలిపోయిరనగా వారి నెవరు తప్పుపట్టగలరు? మోకాళ్లనొప్పులు గల తల్లికి ఎత్తైన గడపలు దాటుట కష్టము. పిల్లలకు బడిబస్సు సందులోనికి రాదు. మేడమీదికెక్కి చూచినచో పెద్దగుడి శిఖరము కొబ్బరితలలకు మీదుగా కనబడెను. అంతదూరమునుండి చూచుటకై నేను రాలేదని మిత్రునకు నచ్చజెప్పుట కొంత కష్టమైనది. ఆతడు నా మాట కాదనలేక, కోటలో ఇల్లు చూచుకొనుట పాతచెప్పులు కుట్టించుకొనుట వంటిదని హెచ్చరించి విడిచెను.

కోటలోని అద్దెయిల్లు పత్రికాప్రకటనలచేత దొరకదు. తలుపుపై వ్రేలాడదీసిన టు-లెట్ పలకలచేతను, వీథిచివరి కాఫీకొట్టువానిచేతను, ముఖ్యముగా ఇస్త్రీబండివానిచేతను దొరకవలెను. ఏ యింటినుండి బట్టలు వచ్చుట మానినవో, ఏ యింటి కొడుకు చెన్నపట్టణమునకు బోయినాడో, ఏ యింట వెనుకభాగము ఖాళీగా నున్నదో ఆతనికి తెలిసినట్లు బ్రోకరునకు గూడ తెలియదు. బ్రోకరు మాత్రము ఒక నెల అద్దె తన వంతుగా పుచ్చుకొని, మోటారుసైకిలు వెనుక నన్ను కూర్చుండబెట్టుకొని, వరుసగా ఇండ్లు చూపించెను. నెలనెలా అద్దె, దానికి పెక్కురెట్లు అడ్వాన్సు, ఇది ఒక పద్ధతి. పెద్దమొత్తము నొక్కసారిగా యజమాని చేత బెట్టి, అద్దె లేకుండ నివసించి, విడిచిపోవునాడు ఆ మొత్తమును తిరిగి తీసికొనుట ఒత్తి యను వేఱొక పద్ధతి. ఈ లెక్కలకంటె ముందు వచ్చు ప్రశ్నలు వేఱు. మాంసము తిందురా యని ఒకచోట. ఏ కులమని, అందును ఏ శాఖ యని మఱియొకచోట. ఒక యజమాని నా యుత్తరమునకు సంతుష్టుడై ఇల్లు తెఱచెను గాని, మఱియొకనిని అదే ప్రశ్నతో నిలువనీయక పంపించివేయునట్టి ఆ గడపను దాటుటకు నాకు మనస్సొప్పలేదు. త్యాగయ్యయు, శ్యామశాస్త్రియు, ముత్తుస్వామి దీక్షితులును నడచిన సీమయందు, వారి పాటలను కులభేదము లేక లోకమంతయు పాడుచున్న నాడు, కాపురమునకు గది నిచ్చుటలో ఈ విచారణ నిలిచియుండుట విచారకరమైన విషయము.

ఈ తిరుగాటలో నాకు గలిగిన గొప్పలాభము, పాతయిండ్లను లోపలినుండి చూడగలుగుట. వీథినుండి చూచిన ఆ యిండ్లు చిన్నవి. రెండువైపుల గోడలు పొరుగువారితో ఉమ్మడివి. కాని గడప దాటినచో ఒకదానివెనుక నొకటిగా గదులు లోనికి సాగిపోవుచుండును. ముందు అరుగు; అరుగుపై నున్నబడిన కొయ్యకంబములు; మీద నాటుపెంకుల చూరు. తలుపు దాటిన సన్నని నడవ. నడవ ముగిసినచోట ఆకాశమునకు తెఱచియున్న ముంగిలి, మన కోనసీమ మండువాలోగిలికి తోబుట్టువు. వాన ఇంటి నడుమనే కురియును; చుట్టును వసారాలో కూర్చుండి దానిని చూడవచ్చును. అటుపిమ్మట కూడము, దేవునిగూడు, వంటయిల్లు. దాని వెనుక బావి. బావి వెనుక ఒకప్పటి పశువులకొట్టము. అది దాటినచో వెనుకసందు. మిద్దెకప్పులు టేకుదూలములపై సన్నని యిటుకలను నిలువున పేర్చి సున్నముతో కట్టినవి. చైత్రవైశాఖముల మధ్యాహ్నమున వీథిలో నిలువలేని యెండయందు ఆ కూడమున అడుగుపెట్టినచో చల్లదనము పాదములనుండి పైకెక్కును. తెలిసికట్టిన మేస్త్రీల పనితనమది. ఆ చేతులు గలవారు నేడు ఊరికి ఒకరిద్దఱైనను దొరకుట లేదు.

ఇట్టి యిండ్లు ఎట్లు పోవుచున్నవో గూడ చూచితిని. అన్నదమ్ముల పంపకమున నడిమికి గోడబెట్టినందున ముంగిలి రెండుగా చీలి, వెలుతురు ఇరువురకును దక్కని యిల్లొకటి. యజమాని పరదేశమున నుండగా తాళముపడి, చూరు క్రుంగి, గోడలో రావిమొక్క మొలచిన యిల్లొకటి. దాని యెదుట నిలిచి నేను కంబముల చెక్కడమును చూచుచుండగా, బ్రోకరు నా మోచేయి పట్టుకొని, “ఇల్లు చూడకండి సార్, స్థలం చూడండి” అనెను. ఆతని దృష్టిలో ఆ యిల్లు లేనే లేదు. కూలద్రోసి మూడంతస్తులు లేపదగిన నేల మాత్రమున్నది. తెర్కువీథిలో అట్టి మార్పు చాలవఱకు జరిగిపోయినది. క్రింద బట్టలకొట్లు, పాత్రలకొట్లు, మీద గదులు. నాకు అట్టి గదియొకటి చూపించిరి; కిటికీనుండి చేయి చాచినచో పొరుగుకొట్టు బోర్డు తగులును. రాత్రి పదిగంటలవఱకు ఇనుపతలుపుల చప్పుడు వదలదు.

పెద్దగుడివంటి రక్షితకట్టడమునకు నూఱుమీటర్లలోపల క్రొత్తకట్టడము కూడదనియు, అటుపై రెండువందల మీటర్లవఱకు అనుమతి లేనిదే కట్టరాదనియు 2010లో సవరింపబడిన చట్టము శాసించుచున్నది. మేలైన చట్టము. కాని రాజవీథులలోని సామాన్యగృహములకు ఇట్టి రక్ష యేదియు లేదు. శిలావిగ్రహమునకు కావలివాడు గలడు; విగ్రహము నూరేగించు వీథికి లేడు. ఊరేగింపు నిలిచి హారతి యందుకొను గుమ్మములు పోయిన పిమ్మట ఆ వీథిని రాజవీథి యని పిలుచుట పేరునకు మాత్రమే యగును. ప్రభుత్వమో, నగరసంస్థయో పాతయింటిని నిలుపుకొనువానికి పన్నులో తగ్గింపు నిచ్చినను, సున్నపుపని మేస్త్రీని సమకూర్చినను, సగము ఇండ్లు నిలుచునని నా దృఢవిశ్వాసము.

నీటివసతి యడుగుట కాపురస్థుని మొదటి పని. మేలవీథి దగ్గఱ అరుగుపై కూర్చున్న వృద్ధుని ఆ సంగతి నడుగగా, ఆయన కుళాయివేళలు చెప్పుటతో తృప్తిపడక, లేచివచ్చి అయ్యంకుళమును చూపించెను. తంజావూరి నాయకరాజులలో మొదటివాడైన సేవప్పనాయకుని పేర ఊరివెలుపల నొక చెఱువు గలదు. వాననీరు అందు చేరి, తేఱుకొని, అచ్చటినుండి శివగంగకును, శివగంగనుండి భూమిలోపల కట్టిన కాలువద్వారా కోటలోని ఈ కొలనునకును చేరునట్లు పూర్వులు ఏర్పాటు చేసిరి. కొలను నిండినచో చుట్టుప్రక్కల బావు లన్నియు ఊరును. ఇటీవల ఆ కొలనును బాగుచేసి, మూసికొనిపోయిన కాలువజాడ వెదకి తీసిరి. ఆయన చిన్ననాట ఆ మెట్లపై ఈతనేర్చినవాడట. కోటను కట్టినవారు శత్రువును మాత్రమే కాక దాహమును గూడ తలచిరని నాకా కొలనుగట్టుపై బోధపడినది. అద్దెకు వచ్చినవానికి ఇంతకంటె మంచి హామీ యేమి కావలెను?

అలంగమను వీథులకు గూడ పోయితిని. కోటగోడను లోపలివైపు అంటుకొని నలుదిక్కుల సాగు వీథులవి. కోటమెట్టనే ఆధారముగా జేసికొని ఏండ్లతరబడి పేదకుటుంబములు అచ్చట నివసించుచున్నవి. అవి నాకు అద్దెకు దొరకునవియు గావు, దొరకినను తీసికొనుట ధర్మమును గాదు. తూర్పు అలంగము దగ్గఱ బీరంగిమేడు గలదు. రఘునాథనాయకుని కాలమున ఇనుపపట్టీలను పోతవేయక అతికి చేసిన సుమారు పాతిక అడుగుల ఫిరంగి దానిమీద మేను వాల్చియున్నది. దానిక్రింది వీథిలో ఆడువారు బియ్యము చెఱుగుచుండిరి, పిల్లలు గోలీలాడుచుండిరి. చారిత్రకప్రదేశమున నివసించు హక్కు గ్రంథములు చదువవచ్చిన నాకంటె వారికే హెచ్చు. కోటను రమ్యముగా దీర్చు ప్రయత్నములు జరుగునపుడెల్ల మొదట లేచిపొండనునది వారినే యగుట కూడదు.

తుదకు ఇల్లు చూపినవాడు ఇస్త్రీబండివాడే. నేను తెలుగువాడనని విని, మేలవీథినుండి చీలిన యొక సందులోని యింటిపేరు చెప్పకయే “తెలుగుమామి యిల్లు” అని వ్రేలు చూపించెను. తలుపు తట్టగా ఎనుబదియేండ్లు దాటినట్లున్న యొక పెద్దమ్మ వచ్చి, తమిళమున నేను కూర్చుకొన్న వాక్యము ముగియకమునుపే, “ఏ వూరు మీది? లోపలికి రాండి, ఎండలో నిలబడినారే” అనెను. ఆ మాట విన్నంతనే నా భార్య కన్నులు చెమర్చినవి. ఆమె పూర్వులు ఎన్నడో నెల్లూరుసీమనుండి వచ్చిరట. “ఎప్పుడొచ్చినారో మాకు తెలవదు నాయనా. మా మామగారి తాతకే తెలవదంట. ఇంట్లో మాత్రం తెలుగే. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు.” ఆమెకు తెలుగు చదువ రాదు. వ్రతకథలును మంగళహారతులును తెలుగువే. అవి యన్నియు ఒక పాతపుస్తకమున తమిళలిపిలో వ్రాసికొన్నది. దేవునిగూటిలో అత్తవారినాటి తెలుగు రామాయణ మొకటి యున్నది. మామగారు పోయిన తరువాత దానికి పసుపుకుంకుమలే గాని, చదువువారు లేరు.

అద్దెవిషయము వచ్చినపుడు ఆమె అడ్వాన్సు మాట యెత్తలేదు. వీథివైపు రెండుగదులును వసారాలో సగమును మాకు, బావి యుమ్మడి. నియమములు మూడు చెప్పెను. తెల్లవాఱకమునుపు వాకిలి చిమ్మి ముగ్గు పెట్టవలెను. చీకటిపడకమునుపు అరుగుగూటిలో దీపము పెట్టవలెను. దేవుని యుత్సవము వాకిటికి వచ్చినపుడు తలుపు మూసియుండరాదు. నాలుగవదానిని కొంత సంకోచించి చెప్పెను: “మీకు వీలున్నప్పుడు ఆ రామాయణం కొంచెం చదివి వినిపిస్తారా అమ్మా?” అని నా భార్య నడిగెను. ఇంతకంటె సులభమైన యొడంబడిక నే నెక్కడను చేసియుండలేదు.

ఆ యింటినుండి సరస్వతీమహలునకు తీరికగా నడచినచో పావుగంట. మేలవీథిలో మొదట వచ్చునది బంగారు కామాక్షి కోవెల. కాంచీపురమున కల్లోలము పుట్టినపుడు అర్చకులు అమ్మవారి స్వర్ణవిగ్రహమును మఱుగుపఱచి ఊరూరు త్రిప్పి తుదకు తంజావూరు చేర్చిరి. ఆ యర్చకవంశమున జన్మించినవాడే శ్యామశాస్త్రి. ఈ గుడిలో పూజచేసి, ఈ వీథిలో నివసించి, కామాక్షిని పేరుపెట్టి పిలుచుచు తెలుగున కృతులు రచించెను; ఆయన స్వరజతులు మూడును రత్నత్రయమని గాయకులు తలదాల్తురు. సభామండపములలో ఆ పాటలను వినుచున్నప్పుడు నాకెన్నడును తోచని దొకటి, ప్రతిదినమును ఆ గడపముందుగా నడచునపుడు తోచినది. ఆ కృతులలోని చనువు, నాలుగిండ్ల యవతల నున్న తల్లి దగ్గఱకు రోజు పోయివచ్చు కొడుకు చనువు. దూరమునుండి యాత్రకు వచ్చిన భక్తుని స్వరము అట్లుండదు.

వడక్కువీథిమీదుగా కీళవీథికి తిరిగి, ఆయుధగోపురమును చూచుచు ప్రాసాదమునందు ప్రవేశింతుము. నాయకులు కట్టి, మరాఠులు పెంచిన భవనసముదాయమది. రాజవంశీకులు నేటికిని అందొక భాగమున నివసించుచున్నారు. నాయకరాజుల సరస్వతీభండారమే సరస్వతీమహలునకు మూలము. 1798 మొదలు 1832 వఱకు రాజుగా నుండిన సర్ఫోజీ దానిని తన ప్రాణముగా పెంచెను. కాశీయాత్రలో గూడ గ్రంథములను సేకరించి తెప్పించెను. 1855లో వంశోత్తరాధికారి లేడను నెపమున కంపెనీవారు రాజ్యమును గ్రహించిరి గాని, ఈ గ్రంథరాశి చెదరలేదు. 1918లో అది ప్రజల గ్రంథాలయమైనది. సంస్కృతగ్రంథముల సంఖ్యయే హెచ్చైనను, తెలుగుప్రతులు వందలకొలది కలవు.

ఆ ప్రతులలో ఎవరున్నారు? స్వయముగా కావ్యములు రచించిన రఘునాథుడు. ఆయనకు విజయవిలాస మంకితమిచ్చిన చేమకూర వేంకటకవి. మన్నారుగుడి రాజగోపాలునకు దాసుడనని చెప్పుకొని నాటకములు వ్రాసి ఆడించిన విజయరాఘవుడు. ఆయన సభలో మన్నారుదాసవిలాసమును రచించిన రంగాజమ్మ. వారి వెనుక, మాతృభాష మరాఠీయై యుండియు తెలుగున యక్షగానములు వ్రాసిన శాహజీ. మరాఠారాజైన ప్రతాపసింహుని కాలపు ముద్దుపళని. విజయరాఘవుడు 1673లో మధురనాయకుని సేనతో పోరి యీ కోటలోనే ప్రాణములు విడిచెను. ఓటమి నిశ్చయమైనపుడు అంతఃపురమును మందుగుండుతో పేల్పించెనని ప్రతీతి. ఆతని నాటకము నుదయమున చదివి, మధ్యాహ్నము ఇంటికి బోవుచు ఆ గోడలప్రక్కగా నడచుట యెట్టి యనుభవమో వ్రాసి చెప్పుట నాకు సాధ్యము గాదు. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో మరల పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మయే, ఇచ్చటికి కొలదిదూరమున తిరువయ్యాఱులో త్యాగరాజసమాధిమందిరమును తన ధనముతో నిర్మింపించినది. ఆమెకు తంజావూరి తెలుగుపై గల ఋణభావము మనలో ఎందఱికి గలదు?

ఆ యింట మేముండగానే వైకాశిమాసమున గరుడసేవ వచ్చెను. వెణ్ణాటిగట్టున గల మామణిక్కోవెల మొదలుగా ఊరిలోని విష్ణ్వాలయముల యుత్సవమూర్తులు, ఇరువదినలుగురు పెరుమాళ్లు, గరుడవాహనములపై వరుసగా నాలుగు రాజవీథులలో సాగిరి, మఱునాడు నవనీతసేవ. అట్లే, నూఱేండ్లకు పైగా నిలిచిపోయిన పెద్దగుడి రథోత్సవము క్రొత్తరథముతో 2015లో ఈ వీథులలోనే పునఃప్రారంభమైనదని, ఆనాడు తాను తెల్లవాఱుజామునుండి మేలవీథిలో కాచుకొని యుంటినని మామి చెప్పెను. గరుడసేవనాడు ఆమె మాతో గూడ మేలవీథిమలుపునకు వచ్చి, ప్రతి పెరుమాళ్లకును పేరుపేరున నమస్కరించెను. మేమున్నన్నినాళ్లును సాయంకాలము రామాయణపఠనము సాగెను. మొదట ఆమె యొక్కతెయే వినెడిది. పిమ్మట పొరుగింటినుండి తెలుగు మాటలాడగలిగియు చదువనేరని మఱి యిద్దఱు స్త్రీలు వచ్చి చేరిరి. అయోధ్యాకాండ ముగియునంతలో మేము తిరిగిరావలసి వచ్చినది.

తెలుగు సాహిత్యమున పరిశోధన చేయుచున్న యువతీయువకులకు నా విన్నపమిది. తంజావూరికి ఒక దినపు టికెట్టుతో పోకుడు. సెలవులలో ఒక నెల కోటలోపల గది తీసికొని యుండుడు. ముద్రణమెఱుగని ప్రతులలో ఒకదానినైనను మీ చేతులతో ఎత్తివ్రాయుడు. మీరుండు ఇంటివారు తెలుగువారైనచో వారి పిల్లలకు అక్షరములు దిద్దించి రండు. ఆ యిండ్లలో తెలుగు వినబడుట మానకమునుపే ఆ పని జరుగవలెను. మేలవీథి సందులలో టు-లెట్ పలకలు ఇంకను వ్రేలాడుచున్నవి. బ్రోకరు లేవనినచో వెనుదిరుగకుడు, ఇస్త్రీబండివాని నడుగుడు.